మూపుగుట్ట ఉరుకుడు

రోహిణి కార్తె, మొదటి రోజు

గాలి: ఆకు కదలడం లేదు. దిగిన గాలిబండ్లు: మూడు. తెచ్చినవి: బియ్యం, బ్యాటరీలు, ఒక పెళ్ళి చీర. తీసుకుపోయినవి: తేనె, చింతపండు.

ఈ దిగుడుగట్టు మీద రోజూ ఇంతే రాయాలి. ఇంతకు మించి రాసినా ఎవరూ చదవరు, కాబట్టి రాస్తాను. నా పేరు స్వరూప. మూపుగూడెంలో గాలిబండ్లు దింపేదీ, వాటి బ్యాటరీలు మార్చేదీ, అవి రాని రోజు అందరిచేతా తిట్లు తినేదీ నేనే.

ఈ రోజు మూడో బండి గట్టు మీద వాలీ వాలగానే, సరుకు దించకముందే, బండ్లనీ బాటలనీ చూసే కార్యాలయం గొంతుతో మాట్లాడింది. ఆడగొంతు. ఎంత చేదు మాటైనా తేనె పూసి చెబుతుంది.

"మూపుగుట్ట కాలిబాటను మూడేళ్ళుగా తగినంతమంది వాడుతున్నట్టు నమోదు కాలేదు. రోహిణి ముగిసేలోగా ఏదో ఒక రోజు, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య, వేరువేరు నూరుగురు, ఏ వైపు నుంచైనా, ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే బాట ఉంటుంది. లేకుంటే తొలి వానకు కంచె విత్తనం చల్లుతాం."

కంచె విత్తనం అంటే ఏమిటో మాకు తెలుసు. ఎదురుగుట్ట మీద చల్లారు. ఒక్క వానకు మోకాలెత్తు ముళ్ళు, రెండో వానకు మనిషెత్తు. ఇప్పుడక్కడ కుందేలు కూడా దూరలేదు. అడవి పెరిగిందని కార్యాలయం సంబరపడింది.

"ఎవలు వాడుతలేరు?" అని బండి మీద అరిచాను. "నిరుడు ఆరుద్రల గాలి లేచి నాలుగొద్దులు మీ బండ్లు రాకపాయె. నొప్పులు పడుతున్న పుష్పను ఆ తొవ్వ మీదనే మోస్కపోలేదా?"

"ఆ రోజు నమోదైనవారు నలుగురు," అంది గొంతు.

తొవ్వ రెండు కొసలా ఉన్న లెక్క కంబాలకు మోసిన నలుగురే లెక్క. మంచం మీద ఉన్న పుష్ప లెక్కలోకి రాలేదు, ఆమె నడవలేదు కదా. బండిని ఒక్క తన్ను తన్నాను. కాలు నొప్పి పెట్టింది.

నాకింత మంట ఎందుకో కూడా రాస్తాను. నా చెల్లె వనితకు ఈ ఆరుద్రలోనే నెలలు నిండుతాయి. బిడ్డ కడుపులో అడ్డంగా ఉంది. గుట్ట కింద, వాగు అవతల ఉన్న కిందిపేట దవాఖానలో కోసి తీయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. ముందుగా పోయి అక్కడ ఉందామంటే, కిందిపేట నీడలో కాపురముండటానికి కార్యాలయం ఇచ్చే నీడ చీటీ లేనివాళ్ళను అక్కడ ఒక్క పూట కూడా ఉండనివ్వరు. నొప్పులు మొదలయ్యాకే దవాఖానలో మంచం ఇస్తారు. ఆరుద్రలో గాలి లేస్తే బండ్లు దిగవు. ఇక మిగిలేది ఆ తొవ్వే.

రోహిణి కార్తె, మూడో రోజు

గాలి: మెత్తగా, పడమటి నుంచి. దిగిన బండ్లు: రెండు.

పసిపిల్లల్నీ మంచం పట్టినవాళ్ళనీ తీసేస్తే గూడెంలో నూరుగురిలో సగం మందిమి కూడా లేము. మిగిలినవాళ్ళు కింది నుంచి రావాలి. కిందివాళ్ళు గుట్ట ఎందుకు ఎక్కుతారు?

కిందిపేట నుంచి నాకు బ్యాటరీలు ఎక్కించి పంపే ఖలీల్‌ను అడిగాను. పదేళ్ళుగా బండి గొట్టంలోంచి మాట్లాడుకుంటున్నాం. ముఖం ఎన్నడూ చూడలేదు.

"అక్కా, మేము పొద్దుగాల వాగు ఇసుకల ఉరుకుతం," అన్నాడు. "పొద్దంత నీడల కూసోని కూసోని కాళ్ళు మొద్దుబారుతున్నయని మొదలువెట్టినం. ఇప్పుడు మస్తు మందిమైనం. గుట్ట మీదికి ఉరకమంటే ఉరుకుతరు గని, ప్రైజు ఏంది?"

"ఒక పుంజు. వచ్చినోళ్ళందరికి జొన్న గటక, పచ్చిపులుసు."

"పుంజు ఎట్లుంటది?"

"నా లెక్కనే. ఎవ్వల మాట ఇనది."

చాలాసేపు నవ్వాడు. రోహిణి చివరి రోజు, నెమలివాగు దగ్గర మొదలు, గూడెంలో ముగింపు అని మాట అయింది. అప్లికేషన్లు లేవు, ఫీజు లేదు, చొక్కా మీద నంబరు లేదు. కాళ్ళుంటే చాలు.

సాయంత్రం లచ్చవ్వ దగ్గరికి పోయాను. గూడెంలో ఆమెను కాదని ఎవరూ ఏమీ చేయరు, నేను తప్ప. నేను కూడా చేసి తిట్లు తింటానంతే. మావాళ్ళు కూడా కింది నుంచి ఉరకాలి, అందుకు వాగు దాటాలి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

చుట్టాన్ని వాగు దాకా సాగనంపడం మా గూడెం మర్యాద. వచ్చిన మనిషిని గడపలోంచే పొమ్మనం, గుట్ట దిగి నీళ్ళ దాకా వెంట పోతాం. కానీ ప్రాణం మీదికి వచ్చిన మనిషిని మోసేటప్పుడు తప్ప నీళ్ళు దాటం. దాటినవాళ్ళు వెళ్ళిపోయినట్టే లెక్క. నీడ చీటీలు పంచిన ఏడాది పదహారు ఇండ్ల వాళ్ళు కాలినడకన వాగు దాటారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

"దాటినోళ్ళ పొయ్యి మళ్ళ ఎలగలేదు బిడ్డా," అంది లచ్చవ్వ.

"మరి బండిల పోతే?"

ఆమె ఆలోచించింది. "గాలిల పోతే నీళ్ళు దాటినట్టు కాదు. పోండ్రి."

అట్లా ఒప్పించాను. ఆ రోజు పొద్దున్నే గూడెం వాళ్ళందరూ బండికి ఇద్దరు చొప్పున కిందికి ఎగిరిపోయి, అందరితో కలిసి పైకి ఉరుకుతారు.

రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

గాలి: నిలకడ లేదు. దిగిన బండ్లు: రెండు. ఒకటి గట్టు తప్పి బర్రెల కొట్టం మీద దిగింది.

కొత్త చిక్కు. కిందిపేటలో పుట్టిన ప్రతివాడి చెవికీ పోగు ఉంటుంది. ఎడమకు తిరుగు, పది అడుగులేయి, ఆగు అని దారంతా అదే చెబుతుంది. మా తొవ్వ మీద కాలు పెట్టగానే "ఇక్కడ దారి లేదు, వెనక్కి తిరగండి" అని మొదలుపెడుతుందట. వినకపోతే గొంతు పెంచుతుందట. తీసేస్తే వీళ్ళకు తల తిరుగుతుంది. తమ దారి తాము ఎన్నడూ వెతుక్కున్నవాళ్ళు కాదు పాపం.

ఖలీల్ వాళ్ళకు రోజూ వాగులో పోగు తీయడం నేర్పిస్తున్నాడు. మొదట రాయి నుంచి రాయి దాకా, తర్వాత మలుపు దాకా. నిన్న ఒకతను తన ఇంటికి తాను పోలేక ఏడ్చాడట.

"గుర్తులు వెట్టు అక్కా," అన్నాడు. "గుర్తు కనవడితే ఉరుకుతరు. లేకుంటే నిలవడిపోతరు."

తొవ్వకు మూడు చీలికలున్నాయి. రెండింటిలో తప్పితే ముళ్ళు గీసుకుంటాయి, అంతే. గద్దబండ దగ్గర తప్పితే మాత్రం తొవ్వ పోయి పోయి బండ అంచు మీద ఆగుతుంది. కింద లోయ.

సున్నం చల్లుదామన్నాను. లచ్చవ్వ ఒప్పుకోలేదు. "చుట్టాలు వట్టి కాళ్ళతోటి ఉరుకుతరు. సున్నం పొక్కుతది. పిండితోటి ముగ్గేసి పిలువుర్రి," అంది. మా వాకిళ్ళలో ముగ్గు జొన్నపిండితోనే వేస్తాం. నాకూ ఆ మాట నచ్చింది. చుట్టాన్ని ముగ్గుతో పిలవడం కంటే మర్యాద ఏముంటుంది అని మురిసిపోయాను కూడా.

వనిత తానూ వచ్చి ముగ్గు వేస్తానంది. ఇంట్లో కూర్చోమన్నాను. "బిడ్డ అడ్డం తిరిగింది, నేను తిరుగలే," అని మూతి ముడుచుకుంది.

రోహిణి కార్తె, చివరి రోజు, తెల్లవారకముందు

గాలి: చెట్లు ఊగుతున్నాయి. దిగిన బండ్లు: లేవు. దిగవు.

బండ్లు రావని గొంతు చెప్పింది, తేనె పూసి. గూడెం వాళ్ళందరూ నడుములు బిగించుకుని గట్టు మీద నిలబడ్డారు. కిందికి పోయే సాధనం లేదు. ఖలీల్ వాళ్ళు ఈపాటికి కిందిపేట నుంచి నడిచి వాగు దగ్గరికి వచ్చేసి ఉంటారు. వాళ్ళను ఆపడానికి కూడా లేదు. గాలికి గొట్టంలో గరగర తప్ప ఏమీ వినిపించడం లేదు.

నిన్న సాయంత్రం చీలికల దగ్గర వేసిన ముగ్గులు గాలికి చెదిరాయేమో చూసి వస్తాను. భయంగా ఉంది.

అదే రోజు, ఎండెక్కాక

మోచేతుల మీద పసుపు ఇంకా ఆరలేదు. అయినా రాస్తాను.

మొదటి చీలిక దగ్గర ముగ్గు లేదు. గాలి కాదు, చీమలు. నేల మీద తెల్లటి గీత ఇంకా ఉంది గానీ అది నడుస్తోంది. రెండో చీలిక దగ్గర నెమళ్ళు గీకి గీకి తింటున్నాయి, నన్ను చూసి కూడా జరగలేదు. చీమలకూ పిట్టలకూ తిండి కావాలనే కదా మేం ముగ్గు పిండితో వేస్తాం. రోజూ వాకిట్లో కళ్ళారా చూస్తూనే ఆ పిండినే గుర్తుగా పెట్టిన మా తెలివిని ఏమనాలి?

కింద అప్పుడే అరుపులు, నవ్వులు. ఉరుకుడు మొదలైంది.

వెనక్కి తిరిగి గుండె పగిలేలా కూత పెట్టాను. మా గుట్ట మీద ఒకరు కూత పెడితే విన్నవాళ్ళు అందుకుని ముందుకు పంపుతారు. నిమిషాల్లో గూడెం నుంచి జవాబు కూత వచ్చింది. "దిగి రాండ్రి! చీలికల కాడ నిలవడుర్రి!" అని అరిచి గద్దబండ వైపు ఉరికాను.

నేను పోయేసరికే ముగ్గురు ఆ చీలిక దాటి తప్పుదారిన పోయారు. బండ మీద కనిపించారు. అంచుకు నాలుగడుగుల దూరంలో, చేతులు ముందుకు చాపి, కళ్ళకు గంతలు కట్టినవాళ్ళలా నిలబడ్డారు. ఎర్ర చొక్కా పిల్ల ఒకతి ఇంకా అడుగేయబోతోంది. ఆమె కాలి కింద గులకరాళ్ళు జారి లోయలో పడ్డాయి. పడిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు.

"ఆగు!" అన్నాను. ఆమె ఆగలేదు, తూలింది. కొంగు విప్పి విసిరాను. ఆమె పట్టుకుంది. ఇద్దరం బండ మీద బోర్లా పడ్డాం. నా మోచేతులు చెక్కుకుపోయాయి.

"ఎటు పోవాలెనో చెప్పేటోళ్ళు లేరు," అంది ఆ పిల్ల ఏడుస్తూ. "ఎవ్వలన్న చెప్పుర్రి."

"నేను చెప్తున్న గద. నా చెయ్యి వట్టు."

ఆలోగా మావాళ్ళు దిగి వచ్చారు. చీలిక చీలికకూ మనుషులే గుర్తులై నిలబడ్డారు. వనిత మొగుడు, నా మరిది నర్సింగ్, గద్దబండ దారికి అడ్డంగా రెండు చేతులూ చాచి, చివరి మనిషి వచ్చేదాకా కదలలేదు. ఇటు రాండ్రి, ఇటు రాండ్రి అని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. అందరూ ప్రాణాలతో గూడెం చేరారు. ఎర్ర చొక్కా పిల్ల అందరికన్నా చివర వచ్చింది. ఖలీల్ పుంజును ఆమెకే ఇప్పించాడు. ఖలీల్ నేననుకున్నంత పొడుగు లేడు.

కానీ గట్టు పక్కన ఉన్న లెక్క కంబం చూశాను. దీపం ఎర్రగానే ఉంది. నూరుగురు పూర్తయితే పచ్చగా వెలగాలి. మా వాళ్ళు ఒక్కరూ లెక్కలో లేరు. పైనుంచి సగం దాకా దిగి మళ్ళీ పైకి వచ్చారు. సగం తొవ్వకు లెక్క లేదు.

లచ్చవ్వను బతిమాలాను. పొద్దు ఇంకా చాలా ఉంది, అందరం గుట్ట దిగి వాగు దాటితే చాలు, కింది కంబం అవతలి ఒడ్డునే ఉంది అన్నాను. ఆమె నా మోచేతులకు పసుపు అద్దుతూ విన్నది. "దాటుడు అన్న మాట నా నోటెంట రాదు బిడ్డా," అంది. ఆమె అనకపోతే ఎవరూ దాటరు.

అందరూ గటక తాగుతున్నారు. నేను నా గిన్నె అక్కడే వదిలేశాను. ఇంటికి వచ్చి తలుపేసుకుని ఇది రాస్తున్నాను. చుట్టాలు ఎండ తగ్గాక దిగిపోతారట. పోనీ. నాకెందుకు.

అదే రోజు, ఇంటికి తిరిగి వచ్చాక

సాయంత్రం వనిత వచ్చి తలుపు కొట్టింది.

"చుట్టాలు పోతున్నరే. వాగు దాక తోలియ్యవా?"

"నువ్వు పో," అన్నాను కోపంగా.

నిజంగానే పోయింది. తొమ్మిదో నెల కడుపుతో, చేతికర్ర పట్టుకుని, గుట్ట దిగుతోంది. నేను తిట్టుకుంటూ వెనకాల ఉరికాను. చూస్తే గూడెమంతా తొవ్వ మీదే ఉంది. లచ్చవ్వ ముందు నడుస్తోంది. పసిపిల్లలు వీపుల మీద ఉన్నారు. మంచం పట్టిన ఇద్దరు ముసలివాళ్ళను తప్ప ఎవరినీ వదల్లేదు. చుట్టం ఒక్కడు వస్తేనే వాగు దాకా పోయేవాళ్ళం, ఇంతమంది వస్తే ఊరుకుంటామా?

వాగు చేరేసరికి పొద్దు గుట్ట మూపు వెనక్కి వాలుతోంది. నీళ్ళు పొద్దున ఖలీల్ చూసినట్టు లేవు. మోకాలు దాటి, ఎర్రగా, పుల్లలు మోసుకుంటూ వస్తున్నాయి. పైన ఎక్కడో వాన పడింది. చెట్టుకు తాడు కట్టి, ఆ కొసను ఖలీల్‌కు విసిరాం. కిందివాళ్ళందరూ తాడు పట్టుకుని దాటారు. అవతలి కంబం మీద దీపం ఎర్రగానే ఉంది.

మేం ఈ ఒడ్డున ఆగాం. అలవాటు ప్రకారం చేతులు ఊపాం. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. "అవ్వా, రేపు వాన వడితె ఈ తొవ్వ ఉండది. వనితను ఎట్ల దించుతం?" అన్నాను. లచ్చవ్వ నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది.

అవతలి ఒడ్డు నుంచి ఖలీల్ మా ముఖాలు చూశాడు. మా మర్యాద సంగతి అతనికి నేనే చెప్పాను, బండి గొట్టంలోంచి, ఎప్పుడో నవ్వుకుంటూ. అతను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"లచ్చవ్వా! పొద్దంత మీ ఇంట్ల తిన్నం. ఈ ఒడ్డు మాది. మా ఒడ్డుకు చుట్టం రాండ్రి. నీళ్ళన్న తాగిపోండ్రి!"

అతని వెనక కిందివాళ్ళందరూ పిలవడం మొదలుపెట్టారు. ఎర్ర చొక్కా పిల్ల పుంజును ఎత్తి చూపిస్తూ పిలిచింది.

లచ్చవ్వ ఒక అడుగు నీళ్ళ అంచుకు జరిగింది. నేను పొద్దు వైపు చూశాను.

"పిలిచినంక పోకుంటే తప్పు," అంది చివరికి. "సాగనంపి దాటుడు వేరు, చుట్టంగ పోవుడు వేరు." చీర ఎగజెక్కి నీళ్ళలో దిగింది.

ఆమె వెనక ఒక్కొక్కరు దిగారు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. చెట్టుకు కట్టిన ముడి జారుతోంటే నేను తాడు నడుముకు చుట్టుకుని, కాళ్ళు రాయికి తన్నిపెట్టి నిలబడ్డాను. నర్సింగ్ వనితను పట్టుకుని నడిపించాడు. మధ్యలో ఆమె కాలు తడబడింది. తాడు నా నడుమును కోసింది. వదల్లేదు. ఆమె అవతల గట్టెక్కాకే తాడు సడలించాను.

కంబం దాటింది. దీపం ఎర్రగానే ఉంది.

వనిత కంబం మీద కర్రతో కొట్టింది. "సక్కగ లెక్కవెట్టు! ఇద్దరం దాటినం!"

ఎవరూ నవ్వలేదు. పొద్దు మూపు మీద సన్నటి అంచుగా మిగిలింది. అంతా అయిపోయింది అనుకున్నాను. పసివాళ్ళు కాళ్ళ మీద నడవలేదని లెక్కలోకి రాలేదేమో, మరెవరైనా తప్పిపోయారేమో అని ఈ ఒడ్డు నుంచి ముఖాలన్నీ చూసుకుంటున్నాను. అందరూ ఉన్నారు.

"ఒసేయ్ పిచ్చిదానా!" లచ్చవ్వ గొంతు చించుకుంది. "నువ్వేడున్నవ్?"

నేను ఇవతల ఉన్నాను.

తాడు పట్టుకునేవాళ్ళు ఈ ఒడ్డున ఇక ఎవరూ లేరు. కొసను నడుముకే ముడి వేసుకుని నీళ్ళలోకి దూకాను. రెండో అడుగుకే కాళ్ళు తేలిపోయాయి. నోట్లోకి మట్టినీళ్ళు పోయాయి. అవతల అందరూ కలిసి తాడు లాగారు, గూడెం వాళ్ళూ కిందివాళ్ళూ, ఎవరి చేయి ఎవరిదో తెలియకుండా. గట్టు మీద పడ్డాను. లేచి, తూలుతూ, కంబం దాటాను.

నేను దీపం చూడలేదు. వనిత ముఖం చూశాను. ఆమె ముఖం మీద పచ్చటి వెలుగు పడింది.

నీళ్ళు తగ్గేదాకా ఆ ఒడ్డున కూర్చున్నాం. నీడ చీటీ అడగడానికి ఎవరూ రాలేదు. పిలిచిన మాట ప్రకారం ఖలీల్ అందరికీ నీళ్ళు పోశాడు. తర్వాత తాడు పట్టుకుని మళ్ళీ ఇవతలికి వచ్చాం, దాటినవాళ్ళందరమూ. లచ్చవ్వ ఇంటింటికీ తిరిగి పొయ్యి వెలిగిందా లేదా అని చూసి గానీ పడుకోలేదు.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు

గాలి: గట్టు మీద నిలబడలేకపోతున్నాం. దిగిన బండ్లు: లేవు, మూడు రోజులుగా.

నిన్నటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పొద్దున వనితకు నొప్పులు మొదలయ్యాయి. నులక మంచానికి కర్రలు కట్టి ఎత్తాం. వానలో దిగాం. దారి బురదగా ఉంది, అంతే. ఎక్కడా ఒక్క ముల్లు లేదు. గద్దబండ దగ్గర వనిత నా చేయి విరిచినంత పని చేసింది. వాగులో ఖలీల్ వాళ్ళు నడుము లోతు నీళ్ళలో వరుసగా నిలబడి, మంచాన్ని చేతుల మీదుగా దాటించారు.

ఆడపిల్ల. వనిత బాగుంది. నొప్పులతో వచ్చింది కాబట్టి దవాఖానలో మంచం ఇచ్చారు. ఇద్దరూ కళ్ళు మూసుకుని పడుకుంటే చూసి, ఈ రోజు పొద్దున నేనూ నర్సింగ్ తిరిగి బయలుదేరాం. ఎర్ర చొక్కా పిల్ల మమ్మల్ని వాగు దాకా సాగనంపింది. ఈ మర్యాద ఆమెకు ఎవరు నేర్పారో.

ఆమె చెవికి పోగు ఉంది. మేం నీళ్ళు దాటి తొవ్వ ఎక్కుతుంటే ఆమె అవతలి ఒడ్డు నుంచి ఎగిరి గంతేసి అరిచింది.

"అక్కా! ఇది ఏమంటుందో తెలుసా? ముందు దారి ఉంది అంటుంది!"

"మాకు తెల్వదా, చెప్పు దానికి," అని అరిచి, వానలో గుట్ట ఎక్కాం.